ఇంగ్లీషులో సామాన్య, సంయుక్త వాక్యాలు: మన పిల్లలు తడబడే చోట్లు



స్కాలర్‌షిప్ కోరే పిల్లలు దరఖాస్తుతో పాటు తమ గురించి ఒక పేజీ ఇంగ్లీషులో రాసివ్వాలన్నది మన సొసైటీ నియమం. ఆ పేజీలు చదివి, పిల్లలతో కూర్చుని సరిచేయించే పని మాది. ఈసారి ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఇలా రాసింది: “మై ఫాదర్ డ్రైవ్స్ యాన్ ఆటో, బట్ ఐ వాంట్ టు స్టడీ.”

వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కానీ చదివితే తండ్రి పని తన చదువుకు అడ్డమన్నట్టు ఉంది. “నువ్వు చెప్పదలచుకున్నది ఇదేనా?” అని అడిగితే కంగారుపడింది. “కాదు సార్, అబ్బా ఆటో నడిపే నన్ను చదివిస్తున్నారు” అంది.

ఒక కర్త, ఒక సమాపక క్రియ ఉంటే సామాన్య వాక్యం. ఒకే కర్త రెండు పనులు చేసినా, “మై ఫాదర్ కేమ్ హోమ్ అండ్ స్లెప్ట్” అన్నట్టు, అది సామాన్య వాక్యమే. ‘అండ్’ కనబడగానే సంయుక్త వాక్యమనేయడం పిల్లలకే కాదు, మా టీచర్లలో కొందరికీ అలవాటే. దేనికది విడిగా నిలబడగల రెండు వాక్యాలను అండ్, బట్, ఆర్, సో, యెట్, నార్, ఫర్ అనే ఏడింటిలో ఒకదానితో కలిపితే సంయుక్త వాక్యం. పిల్లలకు రోజూ పనికివచ్చేవి మొదటి నాలుగే. మిగతా మూడూ బట్టీ పట్టించడం మాకు ఇష్టం లేదు.

మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కాగితం మీద ఇంగ్లీషు. తెలుగులో “మా నాన్న ఆటో డ్రైవర్” అంటే చాలు, క్రియ అక్కర్లేదు. అందుకే “మై ఫాదర్ ఆటో డ్రైవర్” అని రాసేస్తారు. అప్పుడు మేము “ఇదే ఉర్దూలో చెప్పు” అంటాం. “మేరే అబ్బా ఆటో డ్రైవర్ హైఁ” అంటారు. చివరనున్న ఆ ‘హైఁ’ ఇంగ్లీషులో ‘ఈజ్’ అయి అబ్బా పక్కకు వస్తుందని చూపిస్తే, ఆ పొరపాటు చాలావరకు తగ్గుతుంది. ఇంటి భాష ఇంగ్లీషుకు అడ్డమనేవారు ఇది ఒకసారి చూడాలి.

అదే ఉర్దూ మరోచోట ఇబ్బంది పెడుతుంది. ‘చూంకే’ అంటే వెంట ‘ఇస్‌లియే’ రావాలి, ‘అగర్చే’ అంటే ‘లేకిన్’ రావాలి. ఆ జంటల అలవాటుతో “బికాజ్ మై మదర్ వాజ్ ఇల్, సో ఐ వాజ్ ఆబ్సెంట్” అని రాస్తారు. ఇంగ్లీషులో ఒక అతుకు చాలు: బికాజ్ ఉంచితే సో తీసేయాలి, సో ఉంచితే బికాజ్ తీసేయాలి.

ఇక తెలుగులో “వచ్చి, తిని, పడుకున్నాడు” అని ఎంత దూరమైనా సాగదీయవచ్చు, చివర ఒక్క సమాపక క్రియ చాలు. ఆ అలవాటుతో ఇంగ్లీషులో కామాలు పెట్టుకుంటూ పేజీ అంతా ఒకే వాక్యం చేస్తారు. కామా ఒక్కటే రెండు వాక్యాలను పట్టి ఉంచలేదు. అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టమంటాం, లేదా కామా తర్వాత సరైన మాట చేర్చమంటాం.

దరఖాస్తులు పరిశీలించే పెద్దలకు ఒక మనవి. ‘సో’ ఒకటి ఎక్కువైందని ఆ బిడ్డకు చదువు రాదనుకోకండి. వీలైతే ఒక ఆదివారం జొహర్ నమాజు తర్వాత మా తరగతికి రండి. పిల్లలు రాసింది వారి చేతే పైకి చదివించి, “ఇక్కడ ‘బట్’ ఎందుకు పెట్టావు?” అని అడగండి. అంతకంటే పెద్ద ఇంగ్లీషు ఏమీ అక్కర్లేదు.

ఆ అమ్మాయి మళ్లీ రాసింది: “మై ఫాదర్ డ్రైవ్స్ యాన్ ఆటో, అండ్ హి పేస్ మై ఫీజ్. హి డిడ్ నాట్ గో టు కాలేజ్, బట్ హి వాంట్స్ మి టు గో.” ‘బట్’ అలాగే ఉంది, చోటు మారింది. ఆ కాగితాన్ని ఇంకేమీ దిద్దకుండా కమిటీకి పంపాం.