ఆటలో చేర్చుకోని బిడ్డ



బిడ్డ మోకాలు దోక్కుపోయి ఇంటికి వస్తే వెంటనే మందు రాస్తాము. కాని "నన్నెవరూ ఆటలో చేర్చుకోవడం లేదు" అంటే, "పోనీలే, పట్టించుకోకు" అని మన పనిలో పడిపోతాము. ఇదీ దెబ్బే. ఇది పైకి కనిపించదు, త్వరగా మానదు.

కొట్టడం, తిట్టడం మాత్రమే వేధింపు కాదు. మాట్లాడకుండా వెలివేయడం, లేనిపోనివి ప్రచారం చేయడం, "దానితో మాట్లాడితే నీతో కటీఫ్" అని బెదిరించడం కూడా వేధింపే. దీనికి సాకులు సులువుగా దొరుకుతాయి. పలాసలో జీడిపిక్కలు ఒలిచే తల్లి చేతి మరకలు, వలస వెళ్లిన తండ్రి, సముద్రపు ఒడ్డు పల్లె యాస, ఏదైనా ఎగతాళికి చాలు. ఉద్దానంలో తండ్రికి కిడ్నీ జబ్బు ఉందని బిడ్డను దూరం పెడితే అది మరీ అన్యాయం. ఆ జబ్బు అంటుకునేది కాదు.

వెలివేతకు గురైన బిడ్డ మొదట ఏడుస్తాడు. కొంతకాలానికి "నాలోనే ఏదో లోపం ఉంది" అని నమ్ముతాడు. తరువాత తానే తప్పుకొని ఒంటరిగా కూర్చుంటాడు. ఒంటరివాడిని ఏడిపించడం మరింత తేలిక. ఈ విధంగా బాధ ఏటేటా పెరుగుతుంది. బడివేళకు కడుపునొప్పి, నిద్రలేమి, కారణం లేని కోపం దీనికి గుర్తులు కావచ్చు.

బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టిన వేలాదిమందిని శాస్త్రజ్ఞులు దశాబ్దాలపాటు పరిశీలించారు. 7, 11 ఏళ్ల వయసులో తరచు వేధింపుకు గురైనవారిలో నడివయసులో కూడా మానసిక కృంగుదల, ఆందోళన ఇతరులకంటే ఎక్కువగా కనిపించాయని 2014లో వెల్లడించారు. అందరికీ ఇలా జరగదు. ఆదరించే ఇల్లు, ఒక్క మంచి స్నేహం బిడ్డను చాలావరకు నిలబెడతాయి.

కాబట్టి మనం చేయవలసినవి:

1. "నువ్వేం చేశావు?" అని ముందే నిలదీయక, బిడ్డ చెప్పేది పూర్తిగా వినండి.

2. ఎప్పుడు, ఎక్కడ, ఏమి జరిగిందో ఉపాధ్యాయునికి నెమ్మదిగా వివరించండి.

3. తోటి పిల్లల్లో ఒకరిని ఇంటికి పిలిచి, కలిసి ఆడుకోనివ్వండి.

4. బిడ్డ చావు మాట ఎత్తితే తేలికగా తీసుకోవద్దు. టెలిమానస్ 14416, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఏడిపించే బిడ్డ కూడా మన బిడ్డే కావచ్చు. ఆదివారం జ్ఞానోపదేశ తరగతిలోనూ ఇది జరగవచ్చు. అందుచేత ఈ రాత్రి భోజనాల వేళ మార్కుల సంగతికి ముందు ఈ ప్రశ్న అడగండి: "ఈ రోజు మీ తరగతిలో ఒంటరిగా కూర్చున్నది ఎవరు? నువ్వు వెళ్లి పలకరించావా?"