పట్టుపురుగు ఒంట్లోని కాపలా

హార్స్లీ హిల్స్ కింద, మదనపల్లె మొదలు పుంగనూరు, కుప్పం దాకా మల్బరీ పెట్టి పురుగు మేపే పిల్లలకు, షెడ్డులోనే తల నెరిసిన నేను చెప్పే మాటలివి.

1. రోగం ముదిరాక పురుగుకు మందు లేదు నాయనా. పోరాడేవి దాని కణాలే. ఆ బలం వృథా కాకుండా చూడటమే మన పని.

2. ఆ బలం ఎక్కడుందో తెలుసుకోండి. కణంలో లైసోజోములనే సంచులుంటాయి. రక్తకణాలు మింగిన బాక్టీరియాను, బూజు బీజాలను అరిగించేది ఇవే. మరో ప్రాణిలో ఇవే విషానికి కాపలా కూడా కాస్తాయి: శాస్త్రవేత్తలు పరిశోధించే సి. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు నులిపురుగు పేగులో ఉండేవి 20 కణాలే. ఆ కణాల్లోని లైసోజోమ్ జాతి రేణువులు అదనపు జింకును దాచిపెట్టి, దాని విషం ఒంటికి తగలకుండా కాస్తాయి. అంత చిన్న ప్రాణికి అంత ఏర్పాటు!

3. గుడ్ల దగ్గర బేరం ఆడొద్దు. పెబ్రిన్ రోగం తెచ్చే నొసీమా అనే సూక్ష్మజీవి బీజం పేగులో చేరి, లోపల చుట్టుకున్న సన్నటి గొట్టాన్ని ఒక్కసారిగా విసురుతుంది. ఆ గొట్టం గుండా తన సారాన్ని కణంలోకి ఎక్కిస్తుంది. శక్తి తయారుచేసుకునే సొంత మైటోకాండ్రియా దానికి లేవు, పురుగు కణం శక్తినే దోచుకుంటుంది. తల్లి నుంచి గుడ్డుకూ దిగుతుంది. 1865లో ఫ్రాన్స్‌లో ఈ రోగం వెంటపడిన పాశ్చర్ అనే శాస్త్రవేత్త, గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకచిలుకను నూరి మైక్రోస్కోపు కింద చూడమన్నాడు. నేటికీ అదే పరీక్ష. అది నెగ్గిన రోగరహిత గుడ్లే తీసుకోండి.

4. కొండ మీద చల్లగా ఉన్నా కింద మన రేకుల షెడ్డు కాలిపోతుంది. పెద్ద పురుగుకు 24, 25 డిగ్రీలు చాలు. వేడి మించితే కణంలోని ప్రోటీన్లు ఆకారం చెడతాయి. వాటిని చక్కబెట్టే పనికే కణం బలమంతా పోతుంది. పాల రోగానికి అదే అదను: వైరస్ కణకేంద్రకంలో పెరిగి, రక్తం పాలలా మారి, పురుగు ఉబ్బి తట్ట అంచులకు పాకుతుంది. రేకుల మీద కొబ్బరి మట్టలు కప్పండి, కిటికీలకు తడి గోనెలు కట్టండి, గాలి ఆడనివ్వండి.

5. జ్వరానికి, అంటే కుబుసం విడవడానికి, కూర్చున్న పురుగును కదపొద్దు. మేత ఆపి సున్నం చల్లండి.

6. చచ్చిన పురుగును పెరట్లోకి విసరకండి, కోళ్లకు వేయకండి. పాల రోగం వైరస్ మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. ఏరి బ్లీచింగ్ నీళ్లలో వేసి, తర్వాత లోతుగా పూడ్చండి. చేతులు కడుక్కోకుండా ఆకు ముట్టొద్దు.