పోటీ పరీక్షల ప్రత్యేకం: ఇంటి సాయం – గోడ, కప్పు, అర్హత

(కచ్చా, పక్కా వర్గీకరణకు సామాజిక ఆర్థిక, కుల గణన–2011 ఆధారం)

• కచ్చా కప్పు: గడ్డి, వెదురు, మట్టి, ప్లాస్టిక్, చేత్తో చేసిన పెంకులు.

• కచ్చా గోడ: మట్టి, పచ్చి ఇటుక, కలప, సిమెంటో సున్నమో లేకుండా పేర్చిన రాయి.

• తికమక బిట్: సిమెంటు రేకులు, మిషను పెంకులు పక్కా జాబితాలోనే!

• పీఎంఏవై–గ్రామీణ్ (ప్రధానమంత్రి ఆవాస్ యోజన): ప్రారంభం 2016 నవంబర్ 20, ఆగ్రా. పూర్వరూపం ఇందిరా ఆవాస్ యోజన. మైదాన ప్రాంతంలో రూ.1.20 లక్షలు, కనీసం 25 చ.మీ.; కేంద్ర–రాష్ట్ర వాటా 60:40.

• దీనికి అర్హులు: ఇల్లు లేనివారు; లేదా గోడ, కప్పు రెండూ కచ్చాగా ఉండి, గదులు రెండుకు మించనివారు.

• ఇందిరమ్మ ఇళ్లు (తెలంగాణ): ప్రారంభం 2024 మార్చి 11, భద్రాచలం. రూ.5 లక్షలు, కనీసం 400 చ.అడుగులు.

• పీఎం–జన్‌మన్ (ముఖ్యంగా వెనుకబడిన గిరిజన సమూహాలకు – పీవీటీజీలకు – ఇళ్లు సహా సాయం): ప్రారంభం 2023 నవంబర్ 15. పాలమూరు కోణం: నాగర్‌కర్నూల్ నల్లమల చెంచులు పీవీటీజీలే.

అడిగే అవకాశం ఎక్కువ: 25 చ.మీ. ఏ పథకానిది? 400 చ.అడుగులు దేనికి?