పచ్చియాకుల ఊటనీరు: చేయు విధము, వాడదగిన తావులు

శ్రావణమాసము వచ్చునప్పటికి వికారాబాదు, తాండూరు ప్రాంతముల గట్లమీద కలుపుకుప్పలు కనబడును. కందిచేలలోను కూరగాయల మళ్ళలోను తీసిన గరిక, తుంగ, గునుగు, వయ్యారిభామ మున్నగునవి గట్టున పారవేయబడును. ఒక వాన కురియగనే గరికయు తుంగగడ్డయు వేరూని తిరిగి చేనిలోనికి దిగును. కొందరు కుప్ప ఎండిన పిదప నిప్పు పెట్టుదురు. అట్లు చేసిన యెడల ఆకులోని నత్రజని చాలవరకు పొగతో పోయి బూడిద మాత్రము మిగులును.

ఇట్టి పచ్చిరొట్టను నీటిలో నానవేసి, ఆ ఊటనీటిని పైరునకు పోయు పద్ధతి యొకటి కలదు. ఇందుకు డ్రమ్ము తప్ప వేరు ఖర్చు లేదు. అయినను దీనినిగూర్చి రెండు పొరపాట్లు జరుగుచున్నవి. కొందరు రైతులు దీనిని వట్టి మురుగునీరని త్రోసివేయుదురు. మరికొందరు ఈ నీటితోనే కందిచేనంతయు పండునని నమ్మి ఎరువుబస్తా మానుకొందురు. ఈ రెండవ పొరపాటు మొదటిదానికంటె ఖరీదైనది.

మురిగించిన ద్రవమును చెట్లకు పోయుట మన దేశమున నూతనము కాదు. సురపాలుని వృక్షాయుర్వేదమను సంస్కృత గ్రంథమున కునపజలము చెప్పబడినది. ఆ గ్రంథపు వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డు నగరపు గ్రంథాలయమున నుండగా, 1996లో సికిందరాబాదునందలి ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ వారు నళినీ సాధలే గారి ఆంగ్లానువాదముతో దానిని ప్రచురించిరి. ప్రాచీనుల కునపజలమున మాంసము, క్రొవ్వు మున్నగు జంతుపదార్థములు చేరును. ఇచట చెప్పబడునది కేవలము ఆకులతో చేయబడునది గాన, దాని బలము దీనికి కలదని తలపరాదు.

ఆకులలో గిరిపుష్పము మిక్కిలి మేలైనది. ఇది పప్పుజాతి చెట్టు. దీని యాకు మెత్తనిది, నత్రజని గలది, త్వరగా కుళ్ళును. గట్టువెంబడి కొమ్మలు నాటిన యెడల వేరూనును, కొట్టినకొలది చిగిర్చును. కానుగ, జిల్లేడు, మునగ, జనుము, జీలుగ, కూరగాయల తొక్కలు, ముదరని కలుపు, అన్నియు పనికివచ్చును. గరికను తుంగగడ్డను పెంటకుప్పలో వేసిన యెడల కొన్ని బ్రతికి మరల పొలమునకు చేరును. నీటిలో మునిగి పూర్తిగా కుళ్ళినవి మొలవవు. పెంటకుప్ప చేయలేని ఈ పని డ్రమ్ము చేయును. గునుగును మాత్రము కొంత గట్టున ఉండనిచ్చినను నష్టము లేదు. బతుకమ్మ పండుగనాడు ఇంటివారు దానికొరకే వెదకుదురు.

కొన్ని డ్రమ్ములో వేయరానివి కలవు. గన్నేరు విషము, పశువు ఆ నీరు త్రాగిన యెడల ప్రాణాపాయము. నీలగిరి యాకు మొలకలకు కీడుచేయును. వయ్యారిభామను పూతకు ముందే కోయవలెను. చేతులకు తొడుగులు లేక దానిని పట్టరాదు, దాని యూటను నారుమడికి పోయరాదు. కలుపుమందు కొట్టిన చేని గడ్డిని ఎన్నడును వేయరాదు. ఆ మందు నీటిలో నిలిచి టమాటను, మిరపను ముడుచుకొనిపోవునట్లు చేయవచ్చును. ఎండుతెగులు సోకిన కందిమొక్కలను కూడ వేయరాదు. ఆ తెగులునకు కారణమైన బూజు నేలలోను మొక్కల మోళ్ళలోను ఏండ్ల తరబడి బ్రతికియుండును. తెగులు చేనిలోని మొక్కను మంచి మడికి మోసుకొనిపోవుట శత్రువును ఇంటికి పిలుచుటయే.

చేయు విధమిది. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును చెట్టునీడను ఉంచవలెను. త్రాగునీటి బావికి, బోరునకు దూరముగ నుండవలెను. తాండూరున బండలకు కొరత లేదు గాన నాపరాళ్ళతో తొట్టి కట్టవచ్చునని తోచును. కాని నాపరాయి సున్నపురాయియే. ఆకు పులిసినపుడు పుట్టు పులుపు దానిని మెల్లమెల్లగ తినివేయును. రాగిపాత్రయు పనికిరాదు. 20 కిలోల పచ్చియాకును బెత్తెడు ముక్కలుగ నరికి, పలుచని గోనెసంచిలో వదులుగ నింపి, డ్రమ్ములో దింపి పైన రాయి పెట్టవలెను. జానెడు వెలితి విడిచి నీరు పోయవలెను. మూతిమీద దోమలు దూరని గుడ్డ కట్టవలెను. మూత గట్టిగ బిగించిన యెడల లోపలి ఆవిరి వెడలుటకు దారి యుండదు.

ఉదయము, సాయంకాలము కఱ్ఱతో కలుపుచుండవలెను. కలుపనిచో గాలి తగులక దుర్వాసన మిక్కుటమగును. వేసవిలో 10 మొదలు 15 దినములకు, చలికాలమున 3 వారములకు ఆకు మెత్తబడి ఈనెలు మిగులును. నీరు కషాయపు రంగునకు వచ్చును. అప్పుడు వడగట్టి వాడవలెను. నెలల తరబడి నిలువయుంచుట వృథా; నత్రజని అమ్మోనియాయను ఘాటైన వాయువుగ మారి గాలిలో కలియును. డ్రమ్ము దగ్గర ముక్కు మండుట ఎరువు ఎగిరిపోవుచున్నదనుటకు గుర్తు.

ఒకపాలు ఊటకు 10 పాళ్ళు మంచినీరు కలిపి మొక్క మొదట, తడిసిన నేలమీద పోయవలెను. లేత నారునకు 20 పాళ్ళు కలుపవలెను. చిక్కగ పోసిన యెడల వేరు మాడును. ఇది వారము పదిదినముల కొకమారు చాలును. కొత్తిమీర, పుదీన మున్నగు పచ్చిగ తిను ఆకులపై దీనిని చల్లరాదు. కుళ్ళిన నీటిలో రోగక్రిములు ఉండవచ్చును.

ఇక బలమెంతయో లెక్కించి చూడవలెను. పచ్చి గిరిపుష్పపు ఆకు 100 కిలోలలో నత్రజని సుమారు 700 గ్రాములు. కాగా డ్రమ్మునకు వేసిన 20 కిలోలలో నున్నది 140 గ్రాములు. అదియంతయు నీటిలోనికి దిగినదనుకొన్నను, అది 300 గ్రాముల యూరియాలోని నత్రజనికి సమము. కందికి ఎకరమునకు 8 కిలోల నత్రజనియు, 20 కిలోల భాస్వరమును సిఫారసు చేయబడినవి. నత్రజని మాత్రమే 57 డ్రమ్ములు కావలెను. కంది తన వేరుబుడిపెలతో గాలినుండి నత్రజనిని తెచ్చుకొనగలదు గాన అచట కొరత అంతగ బాధింపదు. భాస్వరమును అది గాలినుండి తెచ్చుకొనలేదు. డ్రమ్ములోని ఆకులో భాస్వరము సుమారు 20 గ్రాములకు మించదు. ఈ లెక్కను ఎకరమునకు వేయి డ్రమ్ములు పట్టును. సింగిల్ సూపర్ ఫాస్ఫేటు అయినచో 125 కిలోలు చాలును.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ నల్లరేగడియు, క్రిందనున్న సున్నపురాతి నేలయు ఆ పప్పు పేరులో భాగమే. అట్టి పైరునకు దుక్కిలో వేయవలసిన భాస్వరమును మాని ఊటనీటిని నమ్మిన పట్టాదారు, కాయ కట్టు వేళకుగాని తన నష్టమును ఎరుగడు. అప్పుడు ఏ డ్రమ్మును ఆ లోటు తీర్పలేదు.

అట్లని ఊటనీరు పనికిరానిది కాదు. ఆకులోని పొటాషు నీటిలో సులభముగ కరగును; నత్రజనిలో కొంతభాగము త్వరగా వేరునకు అందును. ఇది చిన్నతావునకు, అవసరమైన దినమున వేగముగ అందు ఆహారము. వికారాబాదు వైపు ఎఱ్ఱనేలలు నీటిని, పోషకములను ఎక్కువగ నిలుపవు. అచట బోరుబావుల క్రింద టమాట, వంగ, బీర వేయువారికి నారుమడిలోను, నాటిన తరువాతి నెలలోను, ఇంటి పెరటిలోను ఇది సాయపడును. పశువుల ఎరువు వేసిన మడిలో దీని ఫలము బాగుగ కనబడును; వట్టి మడిలో అంతగ కనబడదు. నిజాము నాటి లెక్కలలో ఖుష్కి, తరి, బాగాయతు అని భూమిని మూడు తరగతులుగ వ్రాసెడివారు. ఈ నీరు బాగాయతునకు తగినది, ఖుష్కికి కాదు.

ఆకు పసుపుబారుట చూచి వెంటనే ఊటనీరు పోయుటయు సరికాదు. ముదురాకులు మొదట పసుపుబారిన యెడల నత్రజని లోపమనుకొనవచ్చును. అచట ఊటనీరు మేలుచేయును. పై లేతాకులు పాలిపోయి, ఈనెలు మాత్రము పచ్చగ నున్న యెడల అది ఇనుపధాతువు లోపము. తాండూరు సున్నపు నేలలలో ఇనుము ఉన్నను మొక్కకు అందదు. అందుకు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి ఆకులు తడియునట్లు వారము వ్యవధితో రెండుమారులు చల్లవలెను. సందేహమున్నవారు కొమ్మను తీసికొని తాండూరు వ్యవసాయ పరిశోధనా స్థానమున చూపవచ్చును.

తొలిసారి చేయు రైతు మడియంతటికిని పోయక రెండు సాళ్ళను వట్టినీటితో విడిచిపెట్టవలెను. రెండింటికిని ఒకే దినమున, ఒకే కొలతగ నీరు పెట్టవలెను. నెలదినముల పిదప ఆకురంగును, తరువాత కోతలో తూకమును పోల్చి చూచినచో తన నేలలో దీని విలువ ఎంతయో తనకే తెలియును.

సంచిలో మిగిలిన పిప్పిలో నత్రజని ఇంకను కొంత యుండును. దానిని పారవేయక పెంటకుప్పలో పొరగ పరచి, పైన మట్టియో పేడయో కప్పవలెను. డ్రమ్మును కడిగిన నీటిని చెట్ల పాదులలో పోసి, తరువాతి యాకు వేయుటకు ముందు డ్రమ్మును ఒకదినము ఎండలో బోర్లించియుంచవలెను.