శివరాత్రి నుంచి ఉగాది దాకా: ఓరుగల్లు ఇళ్లలో మొక్కలకు పది చిట్కాలు

శివరాత్రికి చలి ‘శివ శివా’ అంటూ పోతుందని సామెత. అక్కడి నుంచి ఉగాదికి దాదాపు నెల. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో మొక్కలకు దొరికే హాయైన కాలం అంతే. ఏప్రిల్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మేలో ఇంకా మండుతుంది. చలిదేశాల్లో మూడు నెలల పాటు నింపాదిగా చేసుకునే పనులను మనం ఈ నెలలోనే ముగించాలి. ఇప్పుడు చిగురు కన్నా వేరు ముఖ్యం. వేరు కుదురుకున్న మొక్కే మే నెల దాటుతుంది.

1. కుండీ మార్చేది ఇప్పుడే. అడుగు రంధ్రంలోంచి వేర్లు బయటికొస్తే, పోసిన నీళ్లు వెంటనే కారిపోతుంటే ఆ కుండీ చాలడం లేదని గుర్తు. పాతదానికన్నా రెండంగుళాల వెడల్పున్న కుండీ తీసుకోండి. సాయంత్రం పూట మార్చి, వారం రోజులు నీడలో ఉంచండి. మార్చి రెండో వారం దాటితే ఈ పని వానాకాలానికి వాయిదా వేయడం మేలు.

2. మట్టి కలిపే లెక్క. రెండు పాళ్లు ఎర్ర చెలక మట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు. కుండీకి గుప్పెడు వేపపిండి కలిపితే వేరుపురుగు బెడద తగ్గుతుంది. ఒట్టి నల్లరేగడి కుండీకి పనికిరాదు. తడిస్తే బంకలా ముద్దకట్టి, ఎండితే పగుళ్లిచ్చి వేర్లను తెంపుతుంది. పచ్చి పేడ అసలే వద్దు, వేడికి వేర్లు మాడతాయి.

3. రాలిన ఆకులకు నిప్పు పెట్టకండి. ఈ రోజుల్లో వేప, రావి ఆకులు వాకిలి నిండా రాలతాయి. వాటిని కుండీల్లో, పాదుల్లో రెండంగుళాల మందాన పరచండి. తేమ ఆరిపోదు, మట్టి వేడెక్కదు. మిగిలిన ఆకులను పాత డ్రమ్ములో వేసి, అప్పుడప్పుడు పుల్లని మజ్జిగో పేడనీళ్లో చల్లుతూ ఉంటే కొన్ని నెలల్లో ఎరువవుతుంది.

4. మల్లెకు కత్తెర వద్దు, మేత కావాలి. మల్లె కొమ్మలు కత్తిరించాల్సింది జనవరిలోపే. అప్పుడు కుదరకపోతే ఇప్పుడు ముట్టుకోకండి, మొగ్గలు పోతాయి. రెండు గుప్పిళ్ల వర్మీ కంపోస్టు వేసి నీళ్లు తప్పకుండా ఇవ్వండి. గులాబీకి వాడిన పూలు మాత్రం తుంచాలి. గట్టి కత్తిరింపు వానలు వెనకపట్టాక, అక్టోబరులో.

5. తులసి, కల్యామాకు, మందారం. తులసి వెన్నులు గింజ కట్టకముందే తుంచితే మొక్క గుబురుగా పెరుగుతుంది. కల్యామాకు మొక్క చివర తుంచితే పక్క కొమ్మలేస్తుంది. మందారానికి ముదిరి సాగిన కొమ్మలను మూడో వంతు కత్తిరిస్తే చాలు.

6. పూత అయిపోయిన చామంతిని పీకేయకండి. మట్టికి మూడంగుళాల ఎత్తులో కోసి, కుండీని సగం నీడలోకి జరపండి. అడుగున వచ్చే పిలకలను వానాకాలంలో విడదీసి నాటితే చలికాలానికి మళ్లీ పూలు.

7. ఏ విత్తనం వేయాలి? బెండ, గోరుచిక్కుడు, బీర, దోస, తోటకూర, పుంటికూర ఎండకు తట్టుకుంటాయి. పాలకూర, కొత్తిమీర వేడికి త్వరగా పూతకొస్తాయి. టమాట పూత ఎండకు నిలవదు. ఇంట్లో చపాటా మిర్చి ఉంటే బాగా పండిన, పురుగు లేని కాయలు నాలుగు విత్తనానికి ఉంచండి. గింజలు నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో దాస్తే జూన్‌లో నారుకు పనికొస్తాయి. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన పంట ఇది, పెరట్లో రెండు మొక్కలైనా ఉండాలి.

8. నీళ్లు తెల్లవారుజామునే. వేలు రెండు కణుపుల లోతు దింపి చూడండి. తడి తగిలితే ఆ రోజుకు వద్దు. కుండీ అంచున తెల్లటి పొర కడితే బోరునీటి ఉప్పు పేరుకుందన్నమాట. నెలకోసారి అడుగు నుంచి ధారగా కారేదాకా నీళ్లు పోసి కడిగేయండి. కుండీ కింద పళ్లెంలో నీళ్లుంటే ఎప్పటికప్పుడు ఒంపేయండి, దోమలు చేరతాయి.

9. పిండినల్లి కనబడగానే. మందారం, జామ కొమ్మల మీద తెల్లటి దూదిలా ఉండేది పిండినల్లి. ముందు నీటిధారతో కొట్టి రాల్చండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బుద్రవం కలిపి ఆకుల అడుగున సాయంత్రం చల్లండి. మధ్యాహ్నం చల్లితే ఆకు మాడుతుంది. వారానికోసారి చొప్పున మూడుసార్లు చేయాలి. తగ్గకపోతే ఆకును కవరులో పెట్టుకుని మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి.

10. గ్రీన్ నెట్, ఇంటి మొక్కలు. సగం ఎండను ఆపే నెట్‌ను మిద్దె మీద పడమటి వైపు ముందుగా కట్టండి, మొక్కను మాడ్చేది సాయంత్రపు ఎండే. మనీప్లాంటు, అరెకా పామ్ పడమటి కిటికీకి దూరంగా జరపండి. ఆకుల దుమ్మును తడిగుడ్డతో తుడవండి. ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి.

ఉగాది పచ్చడి తినేనాటికి ఈ పనులన్నీ అయిపోవాలి. ఆ తర్వాత తొలకరి దాకా కత్తిరింపులు, మార్పిడులు, బలమైన ఎరువులు బంద్. నీళ్లు, నీడ ఇస్తే చాలు.