హైవే మీద బండి ఆగితే

సూర్యాపేట

చి. మాధురికి,

లైసెన్స్ చేతికొచ్చిందనీ, ఇకనుంచి హైదరాబాద్ – విజయవాడ మధ్య కారు నువ్వే నడుపుతావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమమ్మా. గేర్లు, బ్రేకులు డ్రైవింగ్ స్కూల్లో నేర్పే ఉంటారు. హైవే మధ్యలో బండి మొరాయిస్తే ఫోన్ చేసి సాయం ఎలా తెప్పించుకోవాలో అక్కడ చెప్పరు. అందుకే ఈ ఉత్తరం.

ఫోన్ తీసేముందు ప్రాణం సంగతి చూసుకో. ఇంజను నీరసించినట్టు అనిపించగానే నాలుగు ఇండికేటర్లూ వేసి, ఉన్న వేగంతోనే ఎడమ అంచుకు తెచ్చెయ్. డివైడర్ పక్కన మాత్రం ఆపకు. అందరూ ఎడమ తలుపు నుంచి దిగి, రెయిలింగ్ ఉంటే దాని అవతల నిలబడండి. ఏసీ కోసమో, వాన కోసమో కారులోనే కూర్చోవద్దు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు దాటేస్తుంది. నువ్వు రేడియం ట్రయాంగిల్‌ను 50 మీటర్ల వెనక పెట్టినా, వచ్చే డ్రైవరుకు దొరికేది రెండు సెకన్లలోపే. కాబట్టి వీలైనంత వెనక్కి వెళ్లి పెట్టు. వెళ్లేటప్పుడు రోడ్డు దిగి, ఎదురొచ్చే బండ్లను చూస్తూ నడువు. బండి లేన్‌లో ఇరుక్కుని కదలకపోతే ట్రయాంగిల్ జోలికి పోకుండా ముందు నువ్వు బయటపడి అత్యవసర నంబరు 112కు చెయ్.

మామూలుగా ఆగిపోయినప్పుడు జాతీయ రహదారుల సంస్థ నంబరు 1033కు చెయ్యాలి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు. అయితే ఒకటి గుర్తుంచుకో. ఆ ఫోన్ ఎత్తే మనిషి ఎక్కడో కాల్ సెంటర్లో ఉంటారు. నీ కబురు అక్కడి నుంచి ఆ రోడ్డు నడిపే టోల్ సిబ్బందికి చేరాక పెట్రోలింగ్ బండో, క్రేనో బయల్దేరుతుంది. 'సూర్యాపేట దాటాక పెద్ద దాబా ఉందండీ, దాని దగ్గర' అంటే వాళ్లకు ఏమీ బోధపడదు. మనవాళ్లు తడబడేది ఇక్కడే.

నువ్వు చెప్పాల్సింది మూడు ముక్కలు: రోడ్డు నంబరు, కిలోమీటరు, ఏ వైపు వెళ్తున్నావో. మనది పూణే నుంచి మచిలీపట్నం పోయే 65వ నంబరు. 2010లో నంబర్లు మార్చకముందు ఇది 9. పాతవాళ్ల నోట ఇంకా అదే వస్తుంది, నువ్వు మాత్రం 65 అనే చెప్పు. జాతీయ రహదారి కిలోమీటరు రాయికి తల పసుపుగా ఉంటుంది. రెండు రాళ్ల మధ్య ప్రతి 200 మీటర్లకూ 2, 4, 6, 8 అంకెలతో చిన్న రాళ్లు పాతుతారు. అవి రెండూ కలిపి చదివితే నువ్వున్న చోటు దాదాపు కచ్చితంగా తేలిపోతుంది. ఇక 'విజయవాడ వైపు వెళ్తున్నాను' అన్న మాట మరిచిపోవద్దు. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు మీద క్రేన్ అవతలి వైపు వస్తే, తిరిగి రావడానికి ఎంత దూరం పోవాలో చెప్పలేం. దాటిన టోల్ గేటు పేరు కూడా చెప్పు: పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు. నడుపుతున్నప్పుడే రాళ్లను ఓ కంట చూసే అలవాటు చేసుకుంటే, చీకట్లో రాయి వెతుక్కునే అవస్థ ఉండదు.

నెట్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది. అందులో కనిపించే అక్షాంశ రేఖాంశాల అంకెలను మామూలు మెసేజ్‌లో పంపవచ్చు. మన సిమ్‌కు సిగ్నల్ లేనప్పుడు కూడా వేరే కంపెనీ టవర్ అందితే 112 కలిసే వీలుంది.

హైవే క్రేన్ పని రోడ్డు మీది అడ్డు తీయడం. అక్కడి నుంచి మెకానిక్ షెడ్డుకు చేర్చుకోవడం మన బాధ్యత. దానికే బీమాతో పాటు కొంచెం ఎక్కువ కట్టి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకోమంటాను. ఎన్ని కిలోమీటర్ల వరకు లాగుతారో ఆ కాగితంలోనే ఉంటుంది, చదువుకో. నీది ఆటోమేటిక్ కారు కదా, చక్రాలు నేలకు తగలకుండా మొత్తం ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ బండి కావాలని ఫోన్‌లోనే చెప్పు. చక్రాలు దొర్లుతుండగా లాగితే గేర్‌బాక్సు పాడయ్యే ప్రమాదం ఉంది.

బీమా కంపెనీ నంబరు కోసం రోడ్డు మీద నిలబడి గూగుల్‌లో వెతకవద్దు. కస్టమర్ కేర్ పేరుతో మోసగాళ్లు దొంగ నంబర్లు పెట్టి, ఆదుర్దాలో ఉన్నవాళ్ల ఖాతాలు ఖాళీ చేస్తున్నారు. నంబరు పాలసీ కాగితం నుంచే తీసుకో. సాయం పంపడానికి ఓటీపీ అడిగినా, ఏదో యాప్ వేసుకోమన్నా ఫోన్ పెట్టెయ్.

ఈసారి బయల్దేరేముందు డిక్కీ తెరిచి ట్రయాంగిల్, స్టెప్నీ, జాకీ ఉన్నాయో లేదో చూడు. పాలసీ కాగితం ఫోటో తీసి నాకూ, మీ అమ్మకూ పంపు. సూర్యాపేట చుట్టుపక్కల ఎక్కడ ఆగినా, 1033కు చేశాక నాకు చెయ్. ఏ వేళైనా సరే, వస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య