యంత్రం మారితే మన రాత ఏమవుతుంది?

హైదరాబాదు పాతబస్తీలో ఛత్రినాకకు దగ్గరగా ఉప్పుగూడ రైల్వేస్టేషను ఉంది. ఆ దారిన ఒకప్పుడు మీటరుగేజి రైళ్లు నడిచేవి. పట్టాల మధ్య ఎడం 1000 మిల్లీమీటర్లు. ఇప్పుడున్నది బ్రాడ్‌గేజి, ఎడం 1676 మిల్లీమీటర్లు. గేజి మారాక పాత వాగన్లు కొత్త పట్టాలమీద నడవలేవు గదా! మరి వాగనులోని బియ్యం బస్తాల మాటేమిటి? వాటికేం నష్టం లేదు. దించి కొత్త వాగనులో వేసుకుంటే సరి.

కంప్యూటరు మార్చడం కూడా గేజి మార్చడం లాంటిదే. యంత్రమూ, దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమూ, దానిమీద పనిచేసే ప్రోగ్రాములూ కలిస్తే దాన్ని ప్లాట్‌ఫారం అంటారు. ఒక ప్లాట్‌ఫారం కోసం తయారైన ప్రోగ్రాము మరొక దానిమీద నడవకపోవచ్చు. అది పాత వాగను. మనం రాసుకున్న రాత మాత్రం బియ్యం బస్తా. అది క్షేమంగా కొత్తచోటికి చేరాలి. చేరుతుందా? చూద్దాం.

ఖరాబైన ఫైలు

ఛత్రినాకలో ఒక చిన్న డీటీపీ దుకాణం ఉందనుకోండి. పెళ్లిపత్రికలు, బోనాల కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు అన్నీ ఇరవై ఏళ్లుగా ఒకే కంప్యూటరు మీద తయారయ్యాయి. అందులో విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, కొన్ని తెలుగు ఫాంట్లు ఉన్నాయి. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0 తోనే ఆగిపోయింది. ఎక్స్‌పీకి తయారీదారుల మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. అయినా చేతికి అలవాటైన పని కనుక దుకాణదారు దేన్నీ మార్చలేదు. చివరికి ఒకనాడు ఆ యంత్రమే మొరాయించింది. కొత్తది తెచ్చి, ఉచితంగా దొరికే లినక్స్ పెట్టించుకున్నాడు. పాత ఫైళ్లన్నీ సీడీల్లో భద్రంగా ఉన్నాయి గదా అని ధైర్యం.

అప్పుడు పదో తరగతి చదివే ఒక అమ్మాయి వచ్చింది. ఆమె తాత తన వీధి ముచ్చట్లు నలభై పేజీలు రాసి, ఆ దుకాణంలోనే టైపు చేయించాడు. ఆయన ఇప్పుడు లేడు. ఇంట్లో ఉన్న అచ్చుకాపీ 2020 అక్టోబరు వరదలో తడిసి ముద్దయింది. మిగిలింది ఆ ఫైలొక్కటే.

ఫైలు తెరిచారు. తెరనిండా ఇంగ్లీషు అక్షరాలు, నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఐరోపా అక్షరాలు, ఏవేవో గుర్తులు. తెలుగు ముక్క ఒక్కటి లేదు.

"ఫైలు ఖరాబైందా అంకుల్?"

"వైరస్ పట్టినట్టుంది బిడ్డా."

వైరస్సూ లేదు, ఫైలు ఖరాబూ కాలేదు. అందులో ఒక్క అంకె కూడా చెక్కు చెదరలేదు. మరి తెలుగు ఎక్కడికి పోయింది?

అంకె ఫైలులో, బొమ్మ ఫాంటులో

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. కాబట్టి ఏ అక్షరానికి ఏ అంకె అన్నది మనుషులు ముందే ఒప్పుకోవాలి. 1963లో అమెరికాలో ఆస్కీ అనే ఒప్పందం వెలువడింది. అందులో మొత్తం 128 గళ్లు. ఇంగ్లీషు పెద్ద 'ఎ' 65వ గడి, 'బి' 66వ గడి. తరువాత ఐరోపా భాషల అక్షరాల కోసం గళ్లను 256కు పెంచారు. తెలుగుకు అందులో చోటు లేదు.

అందుకని తెలుగు ఫాంట్లు తయారుచేసినవారు ఒక ఉపాయం పన్నారు. ఇంగ్లీషు, ఐరోపా అక్షరాల గళ్లలోని బొమ్మలు తీసేసి, వాటి చోట తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారు. ఒక గడిలో తలకట్టు, ఒకదానిలో కొమ్ము, మరొకదానిలో వత్తు. టైపుమిషను మీద ముక్కలు కూర్చి అక్షరం చేసినట్టే అన్నమాట. ఆ రోజులకు అది మంచి ఉపాయమే. ఎన్నో పుస్తకాలు, పత్రికలు అలాగే అచ్చయ్యాయి.

అయితే చిక్కు ఎక్కడుందో గమనించండి. ఒక ఫాంటులో 65వ గడిలో తలకట్టు పెట్టారనుకుందాం. ఫైలులో ఉండేది 65 అనే అంకె మాత్రమే. అది తలకట్టు అన్న సంగతి ఆ ఫాంటుకే తెలుసు. వేరే ఫాంటులో అదే 65 ఇంకేదో ముక్క కావచ్చు. ఫాంటు లేని యంత్రంలో అది మళ్లీ ఇంగ్లీషు 'ఎ' అయిపోతుంది. తాత ముచ్చట్లకు జరిగింది ఇదే. బస్తాలు వచ్చాయి, ఏ బస్తాలో ఏముందో చెప్పే చీటీ పాత యంత్రంలోనే ఉండిపోయింది.

అందరికీ ఒకే చీటీ

ఈ చిక్కు తీరాలంటే ప్రపంచమంతటికీ ఒకే ఒప్పందం ఉండాలి. మన దేశంలో భారతీయ లిపులకు ఇస్కీ అనే ప్రమాణాన్ని 1991లో ఖాయం చేశారు. ప్రపంచ భాషలన్నిటికీ చోటివ్వాలనే యూనికోడు మొదటి ప్రతి కూడా ఆ ఏడే వెలువడింది. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 గళ్లు కేటాయించారు. అక్కడ 'అ' అంటే 3077, 'క' అంటే 3093. యంత్రం ఏదైనా, ఫాంటు ఏదైనా ఈ అంకెలు మారవు.

'ఛత్రినాక' అనే మాటనే తీసుకోండి. కంటికి కనబడేవి నాలుగు అక్షరాలు. యూనికోడులో అది ఎనిమిది అంకెలు: ఛ 3099, త 3108, పొల్లు 3149, ర 3120, గుడి 3135, న 3112, దీర్ఘం 3134, క 3093. మనం పలికే వరుసలోనే అంకెలు ఉన్నాయి, చూశారా? 'త' తరువాత 'ర' పలుకుతాం కనుక 'ర' తరువాతే వచ్చింది. ర వత్తును అక్షరానికి ఎడమన గీయాలా, కింద గీయాలా అన్నది ఫాంటు చూసుకుంటుంది. పాత ఫాంట్లలో గీత వరుస ముఖ్యం. యూనికోడులో పలుకు వరుస ముఖ్యం. అందుకే యూనికోడు రాతలో మాటను వెతకవచ్చు, పేర్లను అకారాదిగా పేర్చవచ్చు.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే యూనికోడు తెలుగు కోసం గౌతమి ఫాంటు ఉంది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. మరి డీటీపీ దుకాణాలు వెంటనే ఎందుకు మారలేదు? పేజ్‌మేకర్‌కు యూనికోడు తెలుగు తెలియదు. పైగా ఏళ్లతరబడి వేళ్లకు పట్టిన కీబోర్డు అలవాటు ఒక్క రోజులో పోదు. అలవాటు మార్చుకుంటే కొన్నాళ్లు పని మందగిస్తుంది. దుకాణదారుకు అది అన్నం పెట్టే పని గదా!

పోయిన చీటీ మళ్లీ రాయవచ్చు

ఫలానా ఫాంటులో ఏ గడిలో ఏ ముక్క ఉందో పట్టిక వేస్తే, దాని సాయంతో ఒక ప్రోగ్రాము పాత అంకెలను యూనికోడు అంకెలుగా మార్చగలదు. పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లతో నడిచిన రోజుల్లో, ఫైర్‌ఫాక్సు బ్రౌజరుకు తోడుగా 'పద్మ' అనే పనిముట్టు ఈ పనే చేసింది. కాని ఏ ఫాంటుకు ఆ పట్టికే కావాలి. ఫాంటు పేరు తెలియకపోతే పని కష్టమవుతుంది.

మార్పిడి తరువాత కూడా ఒకచోట వత్తు తప్పిపోవచ్చు, ఇంకొకచోట కామా కొమ్ముగా మారవచ్చు. తాత ఏమి రాసి ఉంటాడో ప్రోగ్రాముకు తెలియదు, మనుమరాలికి తెలుస్తుంది. ఆమె కూర్చుని నలభై పేజీలూ చదివి దిద్దుకోవలసిందే.

కాబట్టి మీ ఇంట్లో కంప్యూటరు మార్చే ముందు, పాతది పనిచేస్తుండగానే ఏ ఫైలులో ఏ ఫాంటు వాడారో రాసిపెట్టుకోండి. ఆ ఫాంట్లనూ దాచండి. పేజీ రూపం చెదరకుండా ఒక పీడీఎఫ్ ప్రతి తీయండి. మార్పిడిని నకలు మీదనే చేయండి, అసలు ఫైలును ముట్టవద్దు. దిద్దడం పూర్తయ్యేదాకా పాత యంత్రాన్ని పాతసామాను కొట్టుకు వేయకండి.

మీరే చేసి చూడండి

సాదా టెక్స్టు ఫైలులో 'ఛత్రినాక' అని మాత్రమే టైపు చేసి, ఎంటరు నొక్కకుండా, యూటీఎఫ్-8 పద్ధతిలో దాచండి. ఈ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు అంకెకు 3 బైట్లు పడతాయి. ఎనిమిది అంకెలకు 24 బైట్లు. ఫైలు సైజు చూడండి. 25 వస్తే కంగారుపడకండి, చివర వరుస ముగిసిన గుర్తు చేరిందన్నమాట. ఇప్పుడు ఆ ఫైలును మరో రకం కంప్యూటరులోనో, ఫోనులోనో తెరవండి. అక్షరాల సొగసు కాస్త మారవచ్చు, మాట మాత్రం ఛత్రినాకే!